జట్టు ఎవరి సొత్తు?

మా శ్రీరాంపూర్ గనికార్మికుని కుమారుడొకడు జర్మనీ దేశమున ఇంజనీరుగా పనిచేయుచున్నాడు. గడచిన శరత్కాలమున నాతడు శని ఆదివారముల సెలవులో ఫ్రాంక్‌ఫర్టులో విమానమెక్కి, స్పెయిన్ దేశపు ఉత్తరతీరమున బాస్కు ప్రాంతమునందున్న బిల్బావో నగరమునకు పోయి, ఒక ఫుట్‌బాలు పందెమును చూచి, సోమవారము ప్రొద్దుటికి మరల తన కొలువునకు చేరుకొన్నాడు. ఇందు విశేషమేమున్నదని పాఠకులు ప్రశ్నింపవచ్చును. చేత డబ్బును వేళయును గలవారు ఆటలకై దేశములు తిరుగుట నేడు వింత కాదు. నాకును మొదట నట్లే తోచినది. కాని యా యువకుడు సెలవులకు ఇంటికి వచ్చినప్పు డొక సాయంకాలము మా గ్రంథాలయమున కూర్చుండి తాను చూచినది చూచినట్లు చెప్పుచుండగా, పత్రికలు చదువుకొన వచ్చిన పదిమందిమి పత్రికలను మడిచిపెట్టి వినుచుండిపోతిమి. దీపములార్పి తలుపు మూయవలసిన వేళయైనను ఎవ్వరును లేవలేదు. ఆ సంగతియే యీ వ్యాసమునకు హేతువు.

బిల్బావోకు పోయిన యాత్రికులు మొదట చూచునది నదియొడ్డున 1997లో వెలసిన గుగ్గెన్‌హైమ్ కళామందిరము. మావాడు దానిని వెలుపలనుండియే చూచి, తిన్నగా గల్లార్తా యను ఊరికి పోయినాడట. అది గనుల యూరు. ఒకప్పుడు ప్రపంచమున కెల్ల ఇనుపరాతి నెగుమతిచేసిన కొండలవి. ఇప్పుడచట మిగిలినది ఒక మహాగర్తము. దాని యడుగు సముద్రమట్టమునకు దిగువన నున్నది. గని విస్తరించినకొలది పాత గల్లార్తా గ్రామమే దానిలో కలిసిపోయినది. జనులు ప్రక్కన క్రొత్త గల్లార్తాను కట్టుకొన్నారు. గని 1993లో మూతపడినది. దాని యంచున నొక ప్రదర్శనశాల గలదు. అందు పలుగులు, పారలు, దీపములు, కార్మికుల చిత్రములు పెట్టియుంచినారు.

ముప్పదియేండ్లు తట్ట, చెమ్మసు పట్టి కోల్ ఫిల్లరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్న తాత యొకడు మా గ్రంథాలయమునకు నిత్యము వచ్చును. ఆయన యీ మాట వినగానే ముందునకు వంగి, “మన ఓపెన్ కాస్టు లెక్కనే ఉన్నదా బిడ్డా?” అని యడిగెను. “గంతే తాతా. మనది నల్లగుంటది, అది ఎర్రగుంటది” అని యాతడు బదులు చెప్పెను. గనుల క్రింద పల్లెలు పోవుట మా ప్రాంతపు వారికి ఎవ్వరును వివరింప నక్కఱలేని విషయము. కాబట్టియే కాబోలు, ఆ క్షణమునుండి బిల్బావో మాకు పరదేశమువలె తోచలేదు.

ఆ నగరమునకు ఫుట్‌బాలు ఎట్లు వచ్చినదో తెలిసికొన్నచో ఈ పోలిక యింకను దృఢపడును. పందొమ్మిదవ శతాబ్దపు చివర నా కొండల యినుము ఓడలకొలది ఇంగ్లండునకు పోయెడిది. తిరిగి వచ్చునప్పు డా యోడలు బొగ్గును తెచ్చెడివి. ఓడలతో నావికులును, గనులతో నింజనీర్లును, పనివారును వచ్చిరి. నదియొడ్డున వారు బంతి తన్నుచుండగా స్థానిక యువకులు చూచి నేర్చిరి. ఇంగ్లండున చదువుకొని వచ్చిన శ్రీమంతుల బిడ్డలును అదే యాటను వెంట తెచ్చిరి. 1898లో సంఘము పుట్టినది. దాని పేరును ఇంగ్లీషు పద్ధతినే ‘అథ్లెటిక్’ అని పెట్టుకొన్నారు. అనగా దొరలు తమ స్వార్థమునకై గనులు త్రవ్వవచ్చి విడిచిన యాటను ఆ జనులు తమ సొత్తుగా చేసికొన్నారు. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ లండను పెట్టుబడితో మన బొగ్గునకు వచ్చినది. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చినది. 1945లో నిజాము ప్రభుత్వము దానిని వశపఱచుకొన్నది. ఆ దొరలు మనకును క్లబ్బులను, టెన్నిసు చప్టాలను విడిచిపోయిరి. మనము వాని గోడలకు సున్నము కొట్టుచున్నాము.

ఇక పందెము నాటి సంగతి. సన్నని తుంపర పడుచున్నదట. ఆ యూరి కది అలవాటు. మైదానమునకు పోవు వీధియందు మధ్యాహ్నమునుండియే జనము. ఇండ్ల మేడలనుండి ఎఱుపు తెలుపు చారల జెండాలు వ్రేలాడుచున్నవి. రొట్టెముక్కలపై చేపయో కూరయో పెట్టి యమ్ము చిన్న చిన్న తినుబండారములను చేతబట్టుకొని ముసలివారు, పిల్లలు, స్త్రీలు అందఱును ఒకే వైపు నడచుచున్నారు. అవ్వ యొకతె మనుమని చేయి పట్టుకొని పోవుట చూచి, “మన జాతరకు పోయినట్టున్నది సారూ” అని మావా డనెను. సాన్ మామెస్ అను నా మైదానము 1913లో వెలసినది. పాతది తీసివేసి దాని ప్రక్కనే 2013లో క్రొత్తది కట్టిరి. ఏబదివేలకు పైగా జనము కూర్చుండవచ్చును. జను లా మైదానమును ‘ప్రధాన దేవాలయ’ మందురు. అందు పిచిచి యను మారుపేరుగల పూర్వపు టాటగాని ప్రతిమ గలదు. ఆతడు ముప్పదియేండ్లయినను నిండకుండ 1922లో మరణించెను. మొదటిసారి ఆ మైదానమునకు వచ్చిన పరజట్టు నాయకుడు ఆ ప్రతిమకు పువ్వులు సమర్పించుట ఆచారము.

మావాని ప్రక్క కుర్చీలో నొక వృద్ధుడు కూర్చుండెనట. భాష కుదరలేదు, అయినను ఆయన వ్రేలు చూపుచు, ఆటగాండ్లలో నెవ డే లోయవాడో, ఎవ డే పేటవాడో, ఎవని తండ్రి యేమి పని చేయునో విడువక చెప్పుచుండెను. ఆటలో నెన్ని గోలులు పడినవో మావాడు చెప్పినాడు గాని, నాకు జ్ఞాపకము లేదు. ఈ వృద్ధుని ముచ్చట మాత్రము మనసున నిలిచిపోయినది.

దానికి కారణము గలదు. ఆ సంఘము నూఱేండ్లకు పైగా ఒక నియమమును పాటించుచున్నది. బాస్కు గడ్డపై పుట్టినవాడో, అచట పెరిగి ఆట నేర్చినవాడో కానిచో జట్టున స్థానము లేదు. కోట్లు కుమ్మరించి పరదేశపు టాటగాండ్రను కొనితెచ్చుకొను ఈ కాలమున నీ నియమముతోనే వారు స్పెయిన్ దేశపు మొదటి శ్రేణిలో 1929 నుండి నేటివఱకు ఒక్కసారియైనను క్రిందికి జాఱక నిలిచియున్నారు. అట్టి ఘనత గలవి మూడే జట్లు. తక్కిన రెండును మాడ్రిడు, బార్సిలోనా నగరములకు చెందిన మహాధనిక సంఘములు. పొరుగున సాన్ సెబాస్తియన్ నగరపు జట్టును చాలకాల మీ నియమమునే పాటించి 1989లో విడిచిపెట్టినది. బిల్బావోవారు విడువలేదు. దీనికి వారు చెల్లించిన మూల్యమును దాచుట న్యాయము కాదు: 1984 తరువాత వారు దేశపు లీగున గెలువలేదు. మా యువకు డీ మాట యా వృద్ధునితో ప్రస్తావింపగా ఆయన భుజము లెగురవేసి నవ్వెనట.

న్యాయవాదిని గనుక నన్నాకర్షించిన విషయము వేఱొకటి. ఆ సంఘమునకు యజమాని లేడు. నలుబదివేలకు పైబడిన సభ్యులు ఏటేట చందా చెల్లింతురు, వారే యోట్లువేసి అధ్యక్షుని నెన్నుకొందురు, నచ్చనివానిని దింపుదురు. 1990లో స్పెయిన్ దేశము క్రీడాచట్టమొకటి చేసి, వృత్తిజట్లన్నియు వాటాల కంపెనీలుగా మారవలెనని శాసించినది. లెక్కలు సరిగా నుండి అప్పులపాలు కాని నాలుగు సంఘములకు మాత్రము మినహాయింపు దొరకినది. వానిలో నిది యొకటి. చూడుడు! చందాపుస్తకమును శుభ్రముగా వ్రాసికొన్నవారి స్వాతంత్ర్యము నిలిచినది. సంఘముల లెక్కల తనిఖీ యనిన ముఖము చాటువేయు మనవారి కీ సంగతి వినిపించుట మంచిది.

ఆ జట్టున 1920 ప్రాంతముల నాడిన వారిలో హోసె అంతోనియో అగిర్రె యను యువకుడు గలడు. ఆతడును న్యాయవాదియే. కోర్టునకు పోవు కాళ్ళతోనే బంతి తన్నెను. పిదప రాజకీయములలోనికి దిగి, 1936లో గెర్నికా పట్టణపు ఓక్ వృక్షము క్రింద ప్రమాణము చేసి బాస్కు ప్రభుత్వమునకు మొదటి అధ్యక్షుడయ్యెను. అంతర్యుద్ధము రేగియుండెను. 1937లో నా గెర్నికా బాంబులకు భస్మమయ్యెను. ఆ యేడే అగిర్రె ప్రభుత్వము ఫుట్‌బాలు జట్టు నొకదానిని ఐరోపాకు పంపి, బాస్కు జాతి యొకటి కలదని లోకమునకు చాటించెను. ఫ్రాంకో గెలిచినాడు. అగిర్రె ప్రవాసముననే 1960లో కన్నుమూసెను. భాషను అణచినారు, జెండాను నిషేధించినారు, 1941లో సంఘపు పేరునుగూడ స్పానిషు పద్ధతికి మార్పించినారు. 1972లో గాని పాత పేరు తిరిగి రాలేదు. ఫ్రాంకో చనిపోయిన మరుసటి సంవత్సరము, 1976 డిసెంబరు 5వ తేదీన, బిల్బావో సాన్ సెబాస్తియన్ జట్లు ఎదురెదురుగా ఆడవలసియుండెను. జెండాపై నిషేధ మింకను తొలగలేదు. ఇరుజట్ల నాయకులు ఇరిబార్, కోర్తబార్రియా యనువారు ఆ నిషిద్ధధ్వజమును చెరియొకవైపు పట్టుకొని మైదానమున ప్రవేశించిరి. మరుసటి నెలలోనే ప్రభుత్వ మా నిషేధమును తొలగింపవలసి వచ్చెను.

1921లో హైదరాబాదు వివేకవర్ధినీ సభలో తెలుగున మాటలాడబోయిన న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావుగారిని ఎగతాళిచేసి కూర్చుండబెట్టిన కథను, ఆ రాత్రియే ఆంధ్రజనసంఘమునకు బీజము పడిన కథను ఎఱిగిన మనకు, మైదానములోని యొక గుడ్డపీలిక యెంత బరువుగలదో వేఱుగ చెప్పవలెనా?

ఇచట నొక యాక్షేపణ వచ్చును. మా గ్రంథాలయముననే వచ్చినది. “మావాడే ఆడవలెను, పరాయివాడు రాగూడదు” అనుట సంకుచితము కాదా యని ఒక ఉపాధ్యాయుడు ప్రశ్నించెను. సమంజసమైన ప్రశ్న. దీనికి సమాధానముగా నిన్యాకి విలియమ్స్, నికో విలియమ్స్ అను సోదరులను చూపవలెను. వారి తలిదండ్రులు ఆఫ్రికాయందలి ఘానా దేశమునుండి సహారా యెడారిని దాటి బ్రతుకుతెరువునకై స్పెయిన్ చేరినవారు. ఇన్యాకి బిల్బావోలో పుట్టెను. తమ్ముడు పొరుగున పంప్లోనాలో పుట్టెను. ఇరువురును ఆ గడ్డపై పెరిగి, ఆ జట్టుకే ఆడి, నగరమునకు కన్నుల పండువైరి. వా రడుగునది నెత్తురు కాదు, పెంపకము. మన బొగ్గుగనుల యూళ్ళు మాత్రము ఎట్టివి? కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, ఆంధ్రజిల్లాలు, ఉత్తరదేశము నుండి యెందఱెందఱు వచ్చి, క్వార్టర్లలో ప్రక్కప్రక్కన బ్రతికి, ఒకే కేజీలో గనిలోనికి దిగినారో! వారి బిడ్డలందఱును శ్రీరాంపూర్ వారే. ఈ లెక్కలో ‘మనవాడు’ అనునది విశాలమైన మాట. నియమముపై విమర్శ లేదని కాదు. పొరుగు సంఘముల పిల్లలను ఎత్తుకొనిపోవుచున్నారని బిల్బావోవారిపై చుట్టుప్రక్కలవారికి కోపము గలదు. దోషము లేని యేర్పాటు ఎచట నున్నది?

ఇప్పుడు మన యాత్ర సంగతి చెప్పెదను. 2022–23 ఆటలకాలమున నొక శనివారము నేను, పైన చెప్పిన తాత, ఆయన మనుమడు మువ్వురము మంచిర్యాలలో రైలెక్కి సికింద్రాబాదునకు పోతిమి. గచ్చిబౌలి బాలయోగి మైదానమున హైదరాబాదు ఎఫ్‌సీ జట్టు ఆట. పిల్లవాడు పసుపుచొక్కా తొడిగికొని రైలులో నిలుచుండియే వచ్చెను. ఆట బాగుగనే యుండెను; జనము వేలకొలది వచ్చిరి; డప్పులు మ్రోగెను. రాత్రిబండిలో తిరిగివచ్చుచుండగా, కాజీపేట దాటిన తరువాత, నిద్రపోయినాడని మేమనుకొన్న పిల్లవాడు లేచి, “వకీలు సాబూ, జట్టు మనదే గదా. మరి మన దిక్కోళ్ళు ఎవరాడుతున్నరు?” అని యడిగెను. బ్రెజిలువారి పేర్లు, స్పెయినువారి పేర్లు, గోవా, మిజోరము, కేరళ వారి పేర్లు నాకు వచ్చును. తెలంగాణపు బిడ్డల పేర్లు చెప్పబోయి తడబడితిని. తాత కిటికీలోనుండి చీకటిని చూచుచుండెను.

ఆ జట్టు కథను నేను నిందాబుద్ధితో చెప్పుటలేదు. 2019లో పుణే నగరపు సంఘము మూతపడగా దాని స్థానమున హైదరాబాదు జట్టు పుట్టినది. ఒక్క యేడు గచ్చిబౌలిలో నాడినది. కరోనా మహమ్మారివలన తరువాతి రెండేండ్లు ఆటలన్నియు గోవాలోనే జరిగినవి. ఆ రెండవ యేటనే, 2022 మార్చి 20వ తేదీన, ఫతోర్డా మైదానమున కేరళజట్టుతో సరిసమానమై, పెనాల్టీలలో కట్టిమణి యను గోలుకీపరు మూడు బంతుల నాపగా, మన జట్టు దేశవిజేత యైనది. మనోలో మార్కెస్ అను స్పెయిన్ శిక్షకుని ప్రజ్ఞను మెచ్చుకొనవలసినదే. కాని యెంత విచిత్రము! విజేతయైన యా సంవత్సరము మన జట్టు మన నగరమున నొక్క యాటయైన నాడలేదు. పిదప ఆర్థికపు చిక్కులు వచ్చిపడినవి. 2023–24లో జట్టు పట్టికలో నట్టడుగున నిలిచినది. 2025 అక్టోబరులో యాజమాన్యము జట్టును ఢిల్లీకి తరలించి పేరు మార్చివేసినది. ఒక దుకాణము బోర్డు తీసి వేఱొక వీధిలో పెట్టినట్లు పెట్టినారు. చట్టప్రకారము దానిలో తప్పు లేదు. సొత్తు వారిది, ఎచటికైన తీసికొనిపోవుదురు. చప్పట్లు మాత్రమే మనవి.

రెండు నెలలు గడచినవో లేదో, 2025 డిసెంబరు 13వ తేదీన అర్జంటీనా మహాక్రీడాకారుడు మెస్సీ హైదరాబాదునకు విచ్చేసెను. ఉప్పల్ మైదానము క్రిక్కిరిసినది. ముఖ్యమంత్రియే నిక్కరు తొడిగి బంతి తన్నెను. వేలరూపాయలు పోసి టిక్కెట్లు కొన్నవారు గలరు. మెస్సీవంటి వానిని కన్నులార చూడవలెనని పిల్లలు కోరుట సహజము. నేనును టెలివిజన్‌లో చూచితిని. కాని యా జనసమూహములో, జట్టు ఢిల్లీకి పోయినప్పుడు ఒక యుత్తరమైన వ్రాసినవా రెందఱుందురు? నేను వ్రాయలేదు. ఒప్పుకొనుచున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలువుమనుట మన సామెత. ఆ సామెతను అక్షరాల నిజము చేసినవా డొకడు ఈ నగరముననే యుండెను. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును ఆయన తీర్చిదిద్దెను. 1950 నుండి 1954 వఱకు వరుసగా నైదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఆ జట్టు గెలిచినది. 1950లోనే డ్యూరాండు కప్పున కలకత్తా మోహన్ బగానును ఓడించినది. రహీం శిక్షణలో భారతదేశము 1951లో ఢిల్లీ ఏషియా క్రీడల స్వర్ణమును, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాల్గవ స్థానమును, 1962లో జకార్తాలో మరల స్వర్ణమును సాధించెను. జకార్తా నాటికే ఆయనను కాన్సరు తినివేయుచుండెను. 1963 జూన్ 11వ తేదీన మరణించెను. నేటివఱకు మన దేశమునకు ఏషియా క్రీడల ఫుట్‌బాలు స్వర్ణము మఱల రాలేదు. ఆయన పద్ధతి చూడుడు: కుఱ్ఱవాండ్రకు అలవాటు లేని కాలితోనే తన్నవలెనను పోటీలు పెట్టెడివాడట, రెండుకాళ్ళును సరిసమానముగా పనిచేయుటకై. తులసీదాస్ బలరాం సికింద్రాబాదు పేదయింటి బిడ్డ. పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, జుల్ఫికరుద్దీన్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ ఇట్లెందఱో ఈ జంటనగరముల గల్లీలలోనుండి లేచినవారే. వీరిలో హిందువు, ముసల్మాను, క్రైస్తవుడు అను భేదము మైదానమున నెవరి కక్కఱ కలిగినది? 2024లో రహీం జీవితముపై హిందీలో చలనచిత్రము వచ్చినప్పుడు, ఆయన మన నగరపువా డని మా యూరి యువకులు పలువురు మొదటిసారి తెలిసికొన్నారు.

ఆ వైభవ మేల నిలువలేదు? అది పోలీసుశాఖను, ఉద్యోగములను, ఒక్క మహానుభావుని ఊపిరిని ఆశ్రయించి నిలిచినది గాని, జనులు చందా లిచ్చి నిలిపిన సంఘము కాదని నా యభిప్రాయము. ఊపిరి ఆగినది, ఉద్యోగములు సన్నగిల్లినవి, మిగిలినది జ్ఞాపకము. దాని తరువాత వచ్చినది ధనికుని పెట్టుబడిని ఆశ్రయించినది, పెట్టుబడితో పోయినది. ఆశ్రయము మారినది, ఆశ్రితుల స్థితి మారలేదు.

శ్రీరాంపూర్ వారి కీ చర్చ యేల యని యడుగువారు, ఇల్లందు, బెల్లంపల్లి పట్టణములను చూచి రావలెను. ఇల్లందు బొగ్గుగనులకు పుట్టినిల్లు. బెల్లంపల్లి ఒకప్పుడు బత్తీ దీపముల వెలుతురున రాత్రియనునది యెఱుగని యూరు. గనులు ఒక్కొక్కటి మూతపడగా బజారులు పలుచబడినవి. మా ఆర్కే గనులు, ఎస్సార్పీ గనులు మాత్రము శాశ్వతములా? బొగ్గు పెరుగు పంట కాదు. బిల్బావోలో ఉక్కుకొలుములు 1996లో ఆరిపోయినవి. ఓడలు కట్టు రేవులు మూతపడినవి. వేలకొలది జనులు పనులు పోగొట్టుకొనిరి. అయినను 2024 ఏప్రిల్ 6వ తేదీన సెవిల్లె నగరమున నా జట్టు రాజకప్పును గెలిచి వచ్చినప్పుడు, పూర్వపు సరకుపడవ నొకదాని నలంకరించి, ఆటగాండ్ర నెక్కించి నదిపై నూరేగించిరి. 1984 తరువాత నా పడవ జట్టు నెక్కించుకొని కదలుట అదే మొదలు. ఇరుగట్లపై లక్షలకొలది జనము నిలుచుండిరి. ఇనుము మోసిన నది అదే. దానిపై మోయుటకు ఇనుము లేదు. ఊరు మాత్రము మిగిలియున్నది.

మా చేతనేమగునని నిట్టూర్చుట మనకు పరిపాటి. ఏమియు లేనివారమా మనము? సింగరేణి ప్రాంతమున మైదానములు గలవు. కంపెనీకి కార్మికుల క్రీడాసంఘము గలదు. ఏటేట గనుల మధ్య పోటీలు జరుగుచున్నవి. ఇవి మంచివే. కాని యా పోటీలు ఉద్యోగులకు. పది పదకొండేండ్ల పిల్లవానికి వానిలో చోటెక్కడ? ఒప్పందకార్మికుని బిడ్డకు మఱియు దూరము. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళాజట్టున నాడగలిగినదన్నచో, ఉత్తర తెలంగాణపు కాళ్ళలో సత్తువ లేదని యెవరనగలరు? ఆమె కలకత్తాకు, కేరళకు పోయి యాడవలసి వచ్చినది, ఇంటివద్ద సంఘము లేక.

సంఘములు నిలుపుట మన కెఱుగని విద్య కాదు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నిలిపినవారు ప్రభుత్వముకొఱకు కనిపెట్టుకొని కూర్చుండలేదు. మనకు కూతవేటు దూరముననే ముల్కనూరు గలదు. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో రైతులు పెట్టుకొన్న సహకారసంఘము నేటికిని సభ్యుల సొత్తుగనే నడచుచున్నది; ఆ యూరి స్త్రీలు పాలడెయిరీని నడుపుచున్నారు. 1995 నాటి పరస్పర సహాయక సహకారసంఘముల చట్టమున్నది, సంఘముల నమోదుచట్టమున్నది. కాగితముల పని న్యాయవాదులము ఉచితముగా చేసిపెట్టగలము. మేము చేయదగిన మంచిపనులు అంత యెక్కువ లేవు.

నా యాలోచన యిది. బొగ్గుగనుల పిల్లలకొఱకు ఒక ఫుట్‌బాలు సంఘము. బాలికలకును బాలురకును సమానముగా స్థానము. ఇక్కడ పుట్టినవారో, ఇక్కడ పెరుగుచున్నవారో ఆడవలెను. తండ్రి ఏ జిల్లావాడని గాని, పర్మనెంటా కాంట్రాక్టా యని గాని అడుగరాదు. ఇంటికి నెలకు ఇరువది రూపాయల చందా. ఎంత యెక్కువ యిచ్చినను ఒక్కటే యోటు. పదవిని బట్టి ఎవరికిని గౌరవాధ్యక్షపీఠము లేదు: అధికారికి లేదు, శాసనసభ్యునికి లేదు, యూనియను నాయకునికి లేదు, వకీలుకు అసలే లేదు. కంపెనీని డబ్బడుగరాదు, సాయంకాలము రెండుగంటలు మైదానమును మాత్రము వ్రాతపూర్వకముగా నడుగవలెను. లెక్కలు ప్రతినెల గ్రంథాలయపు గోడపై నంటింపవలెను. ఇరువదియేండ్లకు ఒక మంచి యాటగాడు రావచ్చును, రాకపోవచ్చును.

ఈ మాటలను విని ఉపాధ్యాయుడు, “క్రికెట్టు చూచు పిల్లలు బంతి తన్నుటకు వత్తురా?” అనెను. క్రికెట్టునకు బ్యాటు కావలె, ప్యాడ్లు కావలె. దీనికి బంతి యొక్కటి చాలునని నేనంటిని. “బంతి నేను కొంట” అని తాత యనెను. అందఱును నవ్విరి. ఆయన నవ్వలేదు. మరునాడే మంచిర్యాలకు పోయి రెండు బంతులు కొనితెచ్చి గ్రంథాలయపు బల్లపై పెట్టెను. రసీదు కావలెనని నిలుచుండెను. సంఘమింకను పుట్టలేదు తాతా యనినను వినలేదు. నాలుగువందల పేజీల లెడ్జరు పుస్తకమొకటి తెప్పించి, మొదటి పుటలో ఆయన పేరును, రెండు బంతులను వ్రాసి, చిత్తుకాగితముపై రసీదు చేసి యిచ్చితిని. ఆ పుస్తకము ప్రతిదినము సాయంకాలము ఐదుగంటల నుండి గ్రంథాలయమున తెఱచియుండును. ఈ వ్యాసము వ్రాయునప్పటికి అందు ముప్పదినాలుగు పేర్లున్నవి. జర్మనీనుండి వచ్చినది ఒకటి. మైదానమునకై దరఖాస్తును సోమవారమున దాఖలు చేయుచున్నాము.